వైద్యుని భాష – రోగి భాష: మదనపల్లె నుండి కువైట్ దాకా

రోగి నోరు విప్పకముందు వైద్యుని చేతికి తెలిసేది కొంతే. మిగతాదంతా రోగి చెప్పాలి. నొప్పి ఎక్కడ, ఎప్పటినుండి, అన్నం తిన్నాక పెరుగుతుందా తగ్గుతుందా, ఇదివరకు ఎప్పుడైనా వచ్చిందా – ఈ నాలుగు ప్రశ్నలకు సరైన జవాబు దొరికితే చాలా జబ్బుల్లో సగం దారి నడిచినట్టే. రక్త పరీక్షలు, స్కానులు ఆ తర్వాతి సంగతి. వైద్య కళాశాలలో మాకు మొట్టమొదట నేర్పే పాఠం ఇదే. అయితే రోగికి తెలుగు తప్ప రాక, ఎదుట కూర్చున్న వైద్యునికి అరబ్బీ, ఇంగ్లీషు తప్ప రాకపోతే ఏమవుతుంది? మనవాళ్ళకు కువైట్‌లో తరచూ ఎదురయ్యే పరిస్థితి ఇది.

నేను మదనపల్లెలో పుట్టి పెరిగాను. తిరుపతి ఎస్.వి. వైద్య కళాశాలలో చదువుకుని, ఈ దేశం వచ్చి పదిహేనేళ్ళు దాటింది. మన సంఘం ఉగాది సంచికకు ఏదైనా ఆరోగ్య వ్యాసం రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు రక్తపోటు, చక్కెర వ్యాధుల గురించి రాయబోయాను. కానీ ఆ జబ్బుల గురించి ఇప్పుడు అందరికీ తెలుసు. వాటికంటే ముందు నిలబడే అడ్డుగోడ ఒకటుంది, అది భాష. ఆ గోడకు వందేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మా మదనపల్లెకూ, మనందరినీ పోషిస్తున్న ఈ కువైట్‌కూ ఒక పాత బంధుత్వం కూడా ఉంది. అది చాలామందికి తెలియదు కనుక అక్కడినుండే మొదలుపెడతాను.

ఒకే సంస్థ, రెండు ఊళ్ళు

గల్ఫ్ రోడ్డు మీద పార్లమెంటు భవనం వైపు వెళ్తుంటే సముద్రానికి ఎదురుగా కనిపించే పాత కట్టడాలను ఇప్పటికీ 'అమెరికానీ' అంటారు. ఇప్పుడది దార్ అల్ ఆథార్ అల్ ఇస్లామియా వారి సాంస్కృతిక కేంద్రం. పిల్లలతో వెళ్ళి చూసినవాళ్ళు మనలో ఉండే ఉంటారు. ఒకప్పుడు అది ఆసుపత్రి. 1910 ప్రాంతంలో కువైట్ పాలకుడు షేక్ ముబారక్, బస్రాలో పనిచేస్తున్న అమెరికన్ వైద్యుడు ఆర్థర్ బెన్నెట్‌ను తన ఊరికి ఆహ్వానించాడు. ఆ ఆహ్వానం ఫలితంగా 1914లో పురుషుల ఆసుపత్రి, 1919లో స్త్రీల ఆసుపత్రి వెలిశాయి. ఈ వైద్యులను పంపినది 1889లో ఏర్పడిన అరేబియన్ మిషన్. దాని వెనుక ఉన్నది అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చి.

ఇదే చర్చి వారు అంతకు ముందే, 1853లో, మన వైపు ఆర్కాటు మిషన్ స్థాపించారు. వేలూరు వారి తమిళ కేంద్రమైతే మదనపల్లె తెలుగు కేంద్రం. జాకబ్ ఛాంబర్లిన్ అనే వైద్యుడు 1863లో మదనపల్లె చేరి, అక్కడే పనిచేసి, 1908లో అక్కడే కన్నుమూశాడు. 1911లో మా ఊళ్ళో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి వచ్చింది. చిన్నప్పుడు మేము 'మిషన్ ఆసుపత్రి' అనేవాళ్ళం. మా అమ్మ పుట్టింది అక్కడే. వేలూరులో క్రిస్టియన్ మెడికల్ కాలేజీని స్థాపించిన ఐడా స్కడర్ పేరు వినని తెలుగువారుండరు. ఆ స్కడర్ల వంశంలోని డాక్టర్ లూయిస్ స్కడర్ ఈ కువైట్ ఆసుపత్రిలోనే ఎన్నో ఏళ్ళు సేవ చేశారు. అంటే ఇవాళ మదనపల్లె, రాయచోటి బస్సెక్కి కువైట్ విమానం పట్టుకునే మనవాళ్ళకంటే ముందే, ఈ రెండు ఊళ్ళ మధ్య వైద్యం ఒక దారి వేసింది.

వాళ్ళు వచ్చిన ఉద్దేశం మతప్రచారం. ఆ సంగతి దాచవలసిన పని లేదు. మనకు ఇక్కడ కావలసింది వాళ్ళు పాటించిన ఒక నియమం. కొత్తగా వచ్చినవాళ్ళు ముందు స్థానిక భాష నేర్చుకోవాలి, అందులో పరీక్ష ఇవ్వాలి. ఛాంబర్లిన్ తెలుగు ఎంత నేర్చాడంటే తెలుగు బైబిలు సవరణ సంఘంలో ఏళ్ళ తరబడి పనిచేశాడు. ఇటు ఎలినార్ కాల్వర్లీ అనే యువ వైద్యురాలు అమెరికాలో పట్టా పుచ్చుకుని, పెళ్ళి చేసుకుని, 1909లో భర్తతో కలిసి గల్ఫ్‌కు వచ్చింది. వచ్చీ రాగానే ఆసుపత్రి తెరవలేదు. బహ్రెయిన్‌లో కూర్చుని అరబ్బీ అక్షరాలు దిద్దింది. 1912లో కువైట్ చేరి, ఈ దేశంలో మొదటి స్త్రీ వైద్యురాలయింది. ఇక్కడి స్త్రీలు ఆమెను 'ఖాతూన్ హలీమా' అని పిలుచుకున్నారు. హలీమా అంటే ఓర్పు గలది. పరాయి మగవాడి ముందు నోరు విప్పని స్త్రీలు ఆమె ముందు విప్పారు. ఆమె ఆడది కావడం ఒక కారణమైతే, వాళ్ళ మాట ఆమెకు అర్థం కావడం రెండో కారణం. 1958లో అచ్చయిన తన జ్ఞాపకాల పుస్తకంలో ఆమె ఆనాటి ఇళ్ళలోని జీవితాన్ని వర్ణించగలిగిందంటే ఆ అరబ్బీ చలవే.

అంటే ఆ కాలంలో మన ప్రశ్నకు జవాబు స్పష్టంగా ఉండేది. మధ్యనున్న అగాధాన్ని దాటి రావలసినది వైద్యుడే. రోగి ఎలాగూ నొప్పితో ఉన్నాడు. అతన్ని భాష కూడా నేర్చుకోమనడం న్యాయం కాదు.

మాటల రాకపోకలు

ఆ రోజుల్లో కువైట్‌కు మన దేశం పరాయిది కాదు. ఇక్కడి ఓడలకు కలప మలబారు నుండి వచ్చేది. ఇక్కడి ఖర్జూరాలు మన రేవులకు చేరేవి. 1961లో దీనారు వచ్చేదాకా ఇక్కడ చెల్లిన నాణెం రూపాయే. బొంబాయిలో వ్యాపారం చేసిన కువైటీ పెద్దలు హిందుస్తానీ బాగా మాట్లాడేవారు. ఇప్పటికీ ఇక్కడి ముసలివాళ్ళ నోట 'సీదా' అంటే తిన్నగా, 'బంకా' అంటే పంకా, 'చూలా' అంటే పొయ్యి. ఇవన్నీ మన వైపునుండి ఓడలెక్కి వచ్చిన మాటలే.

అటునుండి మనకు వచ్చిన మాటలు ఇంకా ఎక్కువ. తారీఖు, జవాబు, హక్కు, వకీలు, నకలు, వసూలు, అమలు – ఇవన్నీ అరబ్బీ మాటలే. పారశీకం మీదుగా, నవాబుల కచ్చేరీల మీదుగా తెలుగులో కలిసిపోయాయి. పుండు మీద రాసే 'మలాము' కూడా అరబ్బీ 'మర్హం' నుండి వచ్చిందే. తెలంగాణ వారి 'దవాఖానా'లో దవా అరబ్బీ. అన్నిటికంటే చిత్రం, ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మార్చడాన్ని మనం 'తర్జుమా' అంటాం. ఆ మాట కూడా అరబ్బీదే. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌన్ దొర ఇలాంటి అన్యదేశ్య పదాలన్నిటినీ పోగుచేసి 1854లో ఒక మిశ్రభాషా నిఘంటువే అచ్చువేశాడు. పరాయి అధికారికి ప్రజల మాట అర్థం కాకపోతే న్యాయం జరగదని ఆయనకు కచ్చేరీలో కూర్చున్నందువల్ల తెలుసు.

ఇన్ని మాటలు ఉమ్మడిగా ఉండీ మన రోగికి ఎందుకు ఇబ్బంది? ఎందుకంటే ఇవన్నీ వ్యాపారపు మాటలు, కచ్చేరీ మాటలు. లెక్కకూ దావాకూ పనికివస్తాయి కానీ కడుపునొప్పికి పనికిరావు.

అందరూ పరదేశులే

1938లో బుర్గాన్‌లో చమురు పడింది. 1946లో ఎగుమతి మొదలయింది. 1949లో అమీరీ ఆసుపత్రి, 1962లో సబా ఆసుపత్రి తెరిచారు. ప్రభుత్వ వైద్యం విస్తరించిన తర్వాత 1967లో అమెరికన్ ఆసుపత్రి మూతపడింది. 1973లో కువైట్ విశ్వవిద్యాలయంలో వైద్య విభాగం ఏర్పడింది. అక్కడ బోధన ఇంగ్లీషులోనే. వైద్యుల్లో కువైటీలతో పాటు ఈజిప్టు, సిరియా, భారత్, పాకిస్తాన్ నుండి వచ్చినవారున్నారు. నర్సుల్లో మలయాళీ సోదరీమణులు, ఫిలిప్పీన్స్ వారు ఎక్కువ. కేసు షీటు ఇంగ్లీషులో, మాట అరబ్బీలో, నర్సుల మధ్య మలయాళం. ఇందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. ప్రాణాలు నిలబెట్టే మంచి వైద్యం ఇక్కడ దొరుకుతోంది.

కానీ ఈ మార్పులో ఒక బాధ్యత జారిపోయింది. పాత ఆసుపత్రిలో వైద్యుడు పరదేశి, రోగి స్థానికుడు. అందుచేత ఏ భాష నేర్చుకోవాలో వైద్యునికి తెలుసు. కొత్త ఆసుపత్రిలో వైద్యుడూ పరదేశే, రోగీ పరదేశే. ఒక్క ఉదయంలో నా గదికి తెలుగు, బెంగాలీ, నేపాలీ, సింహళం, తగలాగ్, అమ్హారిక్ మాట్లాడేవాళ్ళు వస్తారు. ఏ వైద్యుడూ ఇన్ని భాషలు నేర్వలేడు. 2024 నాటి లెక్కల్లో కువైట్‌లో భారతీయులు సుమారు 10 లక్షలు, అంటే జనాభాలో 21 శాతం. అందులో తెలుగువారి వాటా చిన్నది కాదు. కడప, చిత్తూరు జిల్లాల పల్లెలనుండి డ్రైవర్లు, మేస్త్రీలు, గొర్రెల కాపరులు వస్తే, ఉభయ గోదావరి జిల్లాలనుండి ఇంటిపనికి స్త్రీలు వచ్చారు. శుక్రవారం మాలియాలో నిలబడితే రాజంపేట యాస, అమలాపురం యాస పక్కపక్కనే వినబడతాయి. ఆ వినబడే తెలుగు ఆసుపత్రి గడప దగ్గర ఆగిపోతుంది.

వంటింటి అరబ్బీ

'మావాళ్ళు ఆరు నెలల్లో అరబ్బీ నేర్చేసుకుంటారండీ' అని మనం గొప్పగా చెప్పుకుంటాం. నిజమే. 'మాఫీ మాలూం', 'యాల్లా', 'ఖలాస్' అంటూ పని నెట్టుకొస్తారు. ఈ మిశ్రమ అరబ్బీ మీద భాషావేత్తలు పరిశోధనలు కూడా చేశారు. జె.ఆర్. స్మార్ట్ 1990లో గల్ఫ్‌లోని ఈ భాష గురించి వ్యాసం రాశారు. ఫిదా బిజ్రీ అనే పరిశోధకురాలు లెబనాన్‌లో ఇంటిపని చేసే శ్రీలంక స్త్రీల అరబ్బీని పరిశీలించి దానికి 'పిడ్జిన్ మేడమ్' అని పేరు పెట్టారు. ఆమె గమనించిన సంగతి ఏమంటే, ఆ స్త్రీల క్రియాపదాలు చాలావరకు యజమానురాలి ఆజ్ఞలనుండి వచ్చినవి. రోజంతా చెవిన పడేది 'తే, పెట్టు, కడుగు, వెళ్ళు' అన్నవే కదా!

వైద్యురాలిగా నాకు ఇందులో ఒక విషయం బోధపడింది. ఈ భాష ఆజ్ఞ వినడానికి పుట్టింది, బాధ చెప్పడానికి పుట్టలేదు. 'అనా రాస్ అవార్' అంటే నా తల నొప్పి. బాగానే ఉంది. కానీ ఎప్పటినుండి? ఒక పక్కా, రెండు పక్కలా? పోటులాగానా, బరువులాగానా? వాంతి అయిందా? ఈ అరబ్బీలో నిన్న, మొన్న, అప్పుడప్పుడు అనే కాలభేదాలు నిలవవు. ఏ ప్రశ్నకైనా తల ఊపడమే జవాబవుతుంది. తల ఊపితే వైద్యుడు 'అవును' అని రాసుకుంటాడు. పైగా మన తెలుగువాళ్ళం 'వింటున్నాను' అన్న అర్థంలో కూడా తల ఊపుతాం!

అంకెలతో ఇంకో చిక్కు. ఇక్కడ మందుల సంచి మీద అరబ్బీ అంకెలు రాస్తే, అయిదు మన సున్నాలాగా ఉంటుంది. సున్నా ఒక చుక్క మాత్రమే. ఏడు, ఎనిమిది ఒకటి నిలబెట్టినట్టూ ఒకటి తలకిందులు చేసినట్టూ ఉంటాయి. పిల్లకు జ్వరం మందు 5 మిల్లీలీటర్లు పట్టమంటే, ఆ తల్లికి కనబడేది సున్నా. ఇంట్లో చదువుకున్నవాళ్ళం కూడా ఒకసారి ఈ అంకెలు సరిచూసుకోవడం మంచిది.

మధ్యలో నిలబడే మనిషి

మాట రానివాడికి మధ్యవర్తి కావాలి. మద్రాసు రేవులో కుంపిణీ దొరలకూ మన వర్తకులకూ మధ్య దుబాసీలు ఉండేవారు. ద్విభాషి అన్న మాటే దుబాసీ అయింది. రెండు పక్షాల రహస్యాలూ తెలిసినవాడు కాబట్టి దుబాసీ ఎంత శక్తిమంతుడయ్యాడో చరిత్ర చదివినవారికి తెలుసు. మధ్యలో నిలబడేవాడు వంతెన కాగలడు, తలుపూ కాగలడు.

ఇక్కడ మన రోగికి దొరికే దుబాసీలు ముగ్గురు.

మొదటివాడు గది స్నేహితుడు. రాయచోటి, కడప ముస్లిం సోదరులకు ఉర్దూ వచ్చు కనుక ఎందరో తెలుగువారికి వాళ్ళే నోరు అయ్యారు. పని మానుకుని, జీతం కోత పెట్టించుకుని వెంట వచ్చేవాళ్ళకు ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే. కానీ ఒకసారి ఏం జరిగిందో చూడండి. ఎండలో పనిచేసే ఒక మేస్త్రీకి మూత్రం మంట, నడుము పక్క నొప్పి. 'ఒంట్లో వేడి చేసింది' అన్నాడు తెలుగులో. స్నేహితుడు ఉర్దూలో 'గర్మీ' అన్నాడు. ఉర్దూ కొంచెం తెలిసిన సహాయకుడు అరబ్బీలో 'హరారా' అన్నాడు. హరారా అంటే ఇక్కడ జ్వరం. థర్మామీటరు పెట్టారు, జ్వరం లేదు. రెండు బిళ్ళలిచ్చి పంపారు. నాలుగు రోజుల తర్వాత అతను నా దగ్గరికి వచ్చినప్పుడు బయటపడింది మూత్రపిండంలో రాయి. మూడు భాషల్లో ఎవరూ తప్పు మాట అనలేదు. అయినా రోగం మాత్రం దారిలో మారిపోయింది.

రెండో దుబాసీ యజమానురాలు. రాత్రంతా పనిమనిషి మంచం పక్కన కూర్చున్న కువైటీ తల్లులను నేను కళ్ళారా చూశాను. అది ముందు చెప్పాలి. అయినా ఒక ఇబ్బంది ఉంది. గోదావరి జిల్లా నుండి వచ్చిన ఒక నడివయసు స్త్రీని కళ్ళు తిరిగి పడిపోయిందని తీసుకొచ్చారు. నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ మేడమే జవాబు చెబుతోంది. పరీక్ష చేయాలని చెప్పి ఆమెను కాసేపు బయట కూర్చోమన్నాను. 'ఏమ్మా, ఇంటి దగ్గర ఏమైనా మందులు వాడేదానివా?' అని తెలుగులో అడగ్గానే ఆమె నా చెయ్యి పట్టుకుంది. 'డాక్టరమ్మా, బి.పి. బిళ్ళలు ఆరు నెలలకు తెచ్చుకున్నానండి. అయిపోయి రెండు నెలలయింది. జబ్బుందని తెలిస్తే పంపించేస్తారండి. ఏజెంటుకు ఇంకా అప్పుంది' అంది. రావడానికి ముందు చేసే వైద్య పరీక్షలో 'అన్‌ఫిట్' అన్న మాట వీళ్ళను ఎంత భయపెడుతుందంటే, ఆ భయం ఇక్కడికి వచ్చాక కూడా వదలదు. ఆ మాట ఆమె మేడం ముందు ఏ భాషలోనూ చెప్పి ఉండేది కాదు. అందుచేత ఇక్కడ అడ్డుగోడ భాష ఒక్కటే కాదు, భాష తెలిసిన మనిషి ఎవరన్నది కూడా. జీతం అందకపోవడం, దెబ్బలు, గర్భం – ఇలాంటివి జీతం ఇచ్చేవాళ్ళ నోటిగుండా వైద్యునికి చేరవు.

మూడో దుబాసీ మన పిల్లలు. ఇది మన ఇళ్ళలోని సంగతే. ఊరినుండి వచ్చిన అమ్మమ్మను, నాయనమ్మను ఆసుపత్రికి తీసుకెళ్తే, ఇంగ్లీషు ధారాళంగా వచ్చిన పన్నెండేళ్ళ మనవడు మధ్యలో కూర్చుంటాడు. ఆ ముసలావిడ తన గర్భసంచి జారిన బాధ మనవడికి ఎలా చెబుతుంది? 'ఏం లేదులే నాయనా, కాళ్ళు నొప్పులని చెప్పు' అంటుంది.

ఒంటి భాష

మన తెలుగులో ఒంటి బాధలకు ఉన్న మాటలు చాలా అందమైనవి, చాలా ప్రమాదకరమైనవి కూడా. 'నీళ్ళోసుకుంది' అంటే గర్భవతి అయిందని మనకు తెలుసు. మాటకు మాట తర్జుమా చేస్తే స్నానం చేసిందనుకుంటారు. 'నెల తప్పింది', 'బయట ఉంది', 'అమ్మవారు పోసింది' – వీటిని ఇంగ్లీషులో పెట్టి చూడండి! 'కళ్ళు తిరుగుతున్నాయి' అంటే కంటి వైద్యుని దగ్గరికి పంపిన సందర్భం నాకు తెలుసు. ఇవి విని నవ్వుకోవచ్చు.

నవ్వలేనిది ఒకటి చెబుతాను. మనవాళ్ళు ఛాతీలో ఏం జరిగినా 'గ్యాస్ పట్టింది' అంటారు. మధ్యవర్తి కూడా నమ్మకంగా 'గ్యాస్' అనే చెబుతాడు. ఈ మాట అన్ని భాషల్లోనూ ఉంది కనుక ఎవరికీ అనుమానం రాదు. నలభై అయిదేళ్ళ డ్రైవరు ఒకరికి ఒక క్లినిక్‌లో గ్యాస్ మందిచ్చి పంపారు. ఆ రాత్రే మా అత్యవసర విభాగానికి గుండెపోటుతో వచ్చాడు. బతికాడు, కానీ గుండె కండరం కొంత పోయింది. తర్వాత మెల్లగా అడిగితే 'ఎడమ చెయ్యి గుంజిందమ్మా, చెమటలు పట్టినాయి, ఎవరూ అడగలా' అన్నాడు. అడిగి ఉండవచ్చు, అడిగినది అతనికి చేరి ఉండకపోవచ్చు. అందుకే 'గ్యాస్' అన్న మాటను దయచేసి మానండి. ఎక్కడ, ఎప్పుడు, ఎలా ఉందో చెప్పండి. చెమట, ఆయాసం, దవడకు గానీ చేతికి గానీ నొప్పి పాకడం ఉంటే క్లినిక్‌లో వరుసలో నిలబడకుండా 112కు ఫోన్ చేయండి.

ఇతరులు ఏం చేశారు

ఈ సమస్య మనకొక్కరికే వచ్చింది కాదు. 1980లో అమెరికాలోని ఫ్లారిడాలో పద్దెనిమిదేళ్ళ కుర్రవాణ్ణి స్పృహ లేని స్థితిలో ఆసుపత్రికి తెచ్చారు. స్పానిష్ మాట్లాడే ఆ కుటుంబం 'ఇంటాక్సికాడో' అన్నారు. తిన్నదేదో పడలేదని వాళ్ళ భావం. ఆసుపత్రివారు మత్తుపదార్థం తీసుకున్నాడనుకున్నారు. తలలోని రక్తస్రావం చూసేసరికి ఆలస్యమై అతని కాళ్ళూ చేతులూ శాశ్వతంగా పడిపోయాయి. కేసు పరిష్కారంలో పరిహారం సుమారు 7 కోట్ల డాలర్లకు చేరింది. ఒక్క మాటకు అంత ధర! ఆ తర్వాత ఆసుపత్రుల్లో శిక్షణ పొందిన దుబాసీల అవసరం గురించి మాట్లాడేవారందరూ ఈ కేసునే ఉదహరిస్తారు.

ఆస్ట్రేలియా వారు ఇంకా ముందే మేలుకున్నారు. వలస వచ్చినవారి కోసం 1973లోనే టెలిఫోను ద్వారా తర్జుమా చేసే ప్రభుత్వ సేవ ప్రారంభించారు. దుబాసీ ఆసుపత్రికి రానక్కరలేదు, ఫోనులో అందుబాటులో ఉంటే చాలు అన్న ఆలోచన వారిది. ఈ రెండు ఉదాహరణల సారం ఒకటే. తర్జుమా అనేది దారినపోయే వాళ్ళు చేసే ఉపకారం కాదు, అదొక పని. పనికి మనిషి కావాలి, శిక్షణ కావాలి, వేళలు కావాలి.

కువైట్‌లో కూడా కొంత కదలిక వచ్చింది. 2015 నాటి 68వ నెంబరు చట్టం ఇంటిపనివారికి వారాంతపు సెలవు, పనిగంటల పరిమితి, పాస్‌పోర్టు తమ దగ్గరే ఉంచుకునే హక్కు ఇచ్చింది. 2021 జూన్ 10న ఇంటిపనివారి విషయమై భారత్, కువైట్ ఒప్పందం చేసుకున్నాయి. ఈ హక్కులన్నీ కాగితం మీద ఉన్నాయి. ఆ కాగితం అరబ్బీలోనో ఇంగ్లీషులోనో ఉంది. 2018లోనూ, 2024లోనూ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఫారాలు నింపడానికి మన తెలుగు సంఘాల కార్యకర్తలు రాత్రీ పగలూ శ్రమపడ్డారు. ఆ బల్లల దగ్గర నేను కూడా కూర్చున్నాను. చాలామందికి తమ మీద ఏ కేసు ఉందో, తాము వేలిముద్ర వేసిన కాగితంలో ఏముందో మొదటిసారి అక్కడే తెలిసింది.

2020 ఏప్రిల్ 6న జలీబ్, మహబూలా ప్రాంతాలను మూసివేసినప్పుడు ఇంకో పాఠం నేర్చుకున్నాం. జాగ్రత్తలను తెలుగులో టైపు చేసి పంపితే పెద్దగా స్పందన లేదు. అవే మాటలను కడప యాసలో ఒకరు, గోదావరి యాసలో ఒకరు మాట్లాడి వాట్సాప్‌లో పంపితే గంటల్లో గదిగదికీ చేరాయి. చదవలేనివాళ్ళకు కూడా చెవులుంటాయి. మన వాళ్ళకు కరపత్రంకంటే కంఠం దగ్గర.

మన సంఘానికి విన్నపం

ప్రతి ఏడూ ఉగాదికి, సంక్రాంతికి మనం ఎంతో ఖర్చుపెట్టి పాటలు, నృత్యాలు ఏర్పాటు చేసుకుంటున్నాం. చేసుకోవాలి కూడా. అదే సంఘం చేయగలిగిన మరి నాలుగు పనులు మనవి చేస్తాను.

ఒకటి, ఫోను దుబాసీల జాబితా. సబా, అమీరీ, ముబారక్, ఫర్వానియా, అదాన్, జహ్రా ఆసుపత్రుల్లో ఏ వేళ తెలుగు రోగి వచ్చినా వైద్యుడు పిలవగల నెంబరు ఒకటి ఉండాలి. మన సభ్యుల్లో తెలుగుతో పాటు ఇంగ్లీషుగానీ అరబ్బీగానీ బాగా వచ్చినవారు వారానికి ఒక్క పూట ఇస్తే చాలు. స్త్రీల కోసం స్త్రీలే ఉండాలి. ఇక్కడ పుట్టి పెరిగి అరబ్బీ నేర్చిన మన అమ్మాయిలు, అబ్బాయిలు పద్దెనిమిదేళ్ళు దాటినవారు ముందుకు రావాలి.

రెండు, వారికి శిక్షణ. నియమాలు నాలుగే. రోగి చెప్పినదంతా చెప్పాలి. చెప్పనిది కలపకూడదు. అర్థం కాకపోతే మళ్ళీ అడగాలి. విన్నది బయట చెప్పకూడదు. ఈ చివరిది అన్నిటికంటే ముఖ్యం. మన సమాజం చిన్నది, ఒక గదిలో అన్న మాట శుక్రవారానికల్లా మాలియా చేరుతుంది. రహస్యం నిలవదని తెలిస్తే ఎవరూ నోరు విప్పరు. శిక్షణ ఇవ్వడానికి నేనూ, తోటి వైద్యులూ సిద్ధం.

మూడు, జేబులో పట్టే ఆరోగ్య చీటీ. ఒక వైపు తెలుగు, ఒక వైపు అరబ్బీ, ఇంగ్లీషు. పేరు, రక్తం గ్రూపు, ఉన్న జబ్బులు, వాడే మందుల అసలు పేర్లు, పడని మందులు. ఊరినుండి తెచ్చుకున్న బిళ్ళల అట్ట పారేయవద్దని, ఆసుపత్రికి అదే పట్టుకు రమ్మని అందరికీ చెప్పాలి.

నాలుగు, ఒంటి బాధల మాటల పట్టిక. కడప మాట, గోదావరి మాట, తెలంగాణ మాట, దానికి సరైన అరబ్బీ, ఇంగ్లీషు. బ్రౌన్ కచ్చేరీ మాటలు పోగుచేసినట్టు మనం ఆసుపత్రి మాటలు పోగుచేద్దాం. మన ఆడపడుచులు, డ్రైవరు సోదరులు చెబితేనే అది పూర్తవుతుంది. చదువుకున్నవాళ్ళం రాసుకోవడం వరకే.

ఇందులో మన పిల్లల తెలుగు చదువు సంగతి కూడా ఉంది. 'ఇక్కడ తెలుగు నేర్చి ఏం చేస్తారు' అని అడిగే తల్లిదండ్రులకు నా దగ్గర ఒక జవాబుంది. రేపు మీ అమ్మాయి డాక్టరో, నర్సో, వకీలో అయి ఈ ఎడారి దేశంలోనో మరో దేశంలోనో కూర్చున్నప్పుడు, ఎదుట ఒక తెలుగు మనిషి భయపడుతూ నిలబడతాడు. 'ఏమైంది చెప్పండి' అన్న రెండు మాటలు ఆ అమ్మాయి నోట తెలుగులో వస్తే, అప్పటిదాకా దాచుకున్నదంతా అతను చెప్పుకుంటాడు.

ఒక శతాబ్దం కింద మన భాష నేర్చుకుని మదనపల్లెలోనూ, అరబ్బీ నేర్చుకుని కువైట్‌లోనూ రోగి మాట విన్నవాళ్ళు ఎక్కడో అమెరికాలో పుట్టినవాళ్ళు. మనం నేర్చుకోనక్కరలేదు, మనకు పుట్టుకతో వచ్చింది. వారానికి ఒక పూట ఇవ్వగలవారు ఈ పండుగ నాడే కార్యదర్శి గారి వద్ద తమ పేర్లు రాయించవలసిందిగా కోరుతున్నాను.